ఊ కొడితే కథ నడవదు

నా చిన్నప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో ఫోను మోగేది. ఇక్కడ పాసిర్ రిస్‌లో ఆరయితే కాకినాడలో మూడున్నర. అమ్మమ్మ మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చి, లేచి, కాఫీ తాగి ఫోను చేసేది. అమ్మ మాట్లాడాక రిసీవరు నా చేతికొచ్చేది. అమ్మమ్మ ఏదో చెప్పేది. నేను "ఊ" అనేదాన్ని. ఆవిడ ఇంకేదో చెప్పేది. నేను మళ్ళీ "ఊ". అలా అయిదు నిమిషాలు. చివర్లో "ఉంటాను అమ్మమ్మా" అని ఫోను అమ్మకిచ్చేసి టీవీ ముందుకు పరిగెత్తేదాన్ని.

నిజం చెప్పాలంటే, ఆవిడ చెప్పినదాంట్లో పావు వంతు కూడా నాకు అర్థమయ్యేది కాదు. మీలో చాలామందికి ఈ "ఊ" తెలిసే ఉంటుంది.

"ఊ కొట్టడం" అనే మాట నాకు తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాకే తెలిసింది. పెద్దవాళ్ళు కథ చెబుతుంటే వినేవాళ్ళు మధ్యమధ్యలో "ఊ" అంటూ ఉండాలి. ఊ ఆగిపోయిందంటే పిల్ల నిద్రపోయిందని అర్థం. కథ కూడా అక్కడే ఆగిపోతుంది. అంటే మన దగ్గర కథ నడవాలంటే చెప్పేవాళ్ళు ఒక్కరే చాలరు, వినేవాళ్ళూ నడిపించాలి. ఇది చదివినప్పుడు నాకు సిగ్గేసింది. నేను మెలకువగా ఉండే నిద్రపోయాను. నోరు మాత్రం ఊ కొట్టింది.

ఈసారి రాస్తున్నది, ఊ కొడితే సరిపోదనే ఒక రకం ఆటల గురించి. వాటివల్ల నా తెలుగుకి ఏమైందో, అమ్మమ్మకీ నాకూ మధ్య ఏమైందో చెబుతాను.

బడిలో లేని మాతృభాష

ముందు కొంచెం నా సంగతి. సింగపూరు బడుల్లో ఇంగ్లీషుతో పాటు "మాతృభాష" అనే సబ్జెక్టు ఉంటుంది. చైనీస్, మలయ్, తమిళం ముఖ్యమైనవి. తమిళులు కాని భారతీయ పిల్లలు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ, ఈ అయిదింట్లో ఒకటి తీసుకోవచ్చు. తెలుగు ఆ జాబితాలో లేదు. అందుకని నా మాతృభాష పరీక్ష నేను హిందీలో రాశాను. మంచి మార్కులే వచ్చాయి. అమ్మమ్మకి హిందీ రాదు.

ఇరవై ఆరేళ్ళప్పుడు పెద్దబాలశిక్ష కొనుక్కుని అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. రెండేళ్ళలో చదవడం వచ్చింది, నెమ్మదిగా. రాయడం కూడా వచ్చింది, తప్పులతో. మాట్లాడటం మాత్రం రాలేదు. నోరు తెరవగానే ముందు ఇంగ్లీషు వస్తుంది, తర్వాత హిందీ వస్తుంది, తెలుగు వచ్చేసరికి అవతలివాళ్ళు వేరే విషయంలోకి వెళ్ళిపోయి ఉంటారు.

లాంతరు తీసుకో

పాసిర్ రిస్ తూర్పు పడమర రైలు మార్గంలో తూర్పు కొసన ఉంటుంది. మొదటి స్టేషను కాబట్టి పొద్దున్నే కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. ఆఫీసు చేరడానికి దాదాపు నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల కోసం ఒక సహోద్యోగి నాకు టెక్స్ట్ గేములు చూపించాడు. వాటినే ఇంటరాక్టివ్ ఫిక్షన్ అంటారు. బొమ్మలుండవు, పాట ఉండదు, తొందర ఉండదు. తెర మీద నాలుగు వాక్యాలుంటాయి: నువ్వు ఎక్కడున్నావు, చుట్టూ ఏముంది. ఏం చేస్తావో నువ్వు టైపు చెయ్యాలి. చేసినదాన్నిబట్టి తర్వాతి నాలుగు వాక్యాలు వస్తాయి.

ఈ రకం ఆటల్లో అన్నిటికీ పెద్దక్క "అడ్వెంచర్". విల్ క్రౌథర్ అనే అమెరికన్ ప్రోగ్రామరు 1976 ప్రాంతంలో దాన్ని రాశాడు. ఆయనకి గుహల్లో తిరగడం, వాటికి పటాలు గీయడం ఇష్టం. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలు ఆయనకి బాగా తెలుసు. విడాకులయ్యాక కూతుళ్ళిద్దరూ తనకి దూరమవుతున్నారనిపించి, వాళ్ళు తన దగ్గరికి వచ్చినప్పుడు ఆడుకోవడానికి తనకి తెలిసిన గుహనే మాటల్లో కట్టి ఇచ్చాడు. 1977లో డాన్ వుడ్స్ దానికి చాలా చేర్పులు చేశాడు. అదే ఏడాది ఎంఐటీలో కొందరు కుర్రాళ్ళు "జోర్క్" మొదలుపెట్టారు. తర్వాత 1979లో ఇన్ఫోకామ్ అనే కంపెనీ పుట్టి, జోర్క్‌నీ అలాంటి మరికొన్ని ఆటలనీ ఇళ్ళల్లోని కంప్యూటర్లకి అమ్మింది. ఆ కంపెనీ పోయింది కానీ ఆటలు పోలేదు. 1995 నుంచి ప్రతి ఏడాదీ ఇంటరాక్టివ్ ఫిక్షన్ పోటీ జరుగుతూనే ఉంది. అందులోకి వచ్చిన ఆటలు ఎవరైనా ఉచితంగా ఆడుకోవచ్చు.

మొదటిరోజు అడ్వెంచర్ ఆడుతూ నేను ఏదో టైపు చేశాను. నాకు అర్థం కాలేదు అంది ఆట. ఇంకోలా అడిగాను. మళ్ళీ అర్థం కాలేదంది. దానికి కోపం లేదు, విసుగు లేదు, నవ్వు లేదు. అర్థమయ్యేలా చెప్పేదాకా కూర్చుని ఉంటుంది, అంతే. తెలిసినట్టు నటించదు. మా స్టేషను నుంచి తానా మేరా వచ్చేలోపు ఆ మాట నాతో పదిసార్లు అంది. పదకొండోసారి నాకు ఒకటి తట్టింది. ఈ ముప్పై ఏళ్ళలో నేను అమ్మమ్మతో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

వెయ్యి పనులు చేసే వెయ్యి

ఆటలు ఇంగ్లీషులోనే ఆడాను. కానీ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని, నేను టైపు చేసిన ప్రతి ఆజ్ఞనీ తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాను. లాంతరు తీసుకో. తలుపు తియ్యి. ఉత్తరం చదువు. చెట్టెక్కు. కిందికి దిగు. వెనక్కి వెళ్ళు. ఇది మీరందరూ ఒకసారి చేసి చూడండి. ఎందుకంటే పాఠ్యపుస్తకాలు మనకి "నేను బడికి వెళ్తున్నాను" నేర్పిస్తాయి. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. ఇంట్లో సగం మాటలు ఇలాంటివే: ఇలా రా, అది అందుకో, ఫ్యాను ఆపు, అన్నం తిను.

అక్కడే "వెయ్యి" నన్ను పట్టుకుంది. తలుపు వెయ్యి అంటే మూయమని. తాళం వెయ్యి అంటే బిగించమని. ఫ్యాను వెయ్యి అంటే తిప్పమని. ముగ్గు వెయ్యి అంటే గీయమని. కేక వెయ్యి అంటే అరవమని. చిన్నప్పుడు అమ్మ "తలుపు వెయ్యి" అంటే నాకు నిజంగానే వెయ్యి తలుపులు వరసగా కనిపించేవి. ఇప్పుడు చూస్తే అంకె కూడా తప్పేం కాదు. ఈ ఒక్క మాట వెయ్యి పనులు చేస్తుంది.

మన నేర్చుకునేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక ఆట చెప్పాలి. పేరు "లాస్ట్ పిగ్". 2007 పోటీలో మొదటి బహుమతి దానికే వచ్చింది. గ్రంక్ అనే ఒక మొరటు ప్రాణి తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ వెళ్తాడు. కథంతా అతనే చెబుతాడు. అతని భాషలో వ్యాకరణం ఉండదు, క్రియలు సరిగ్గా ఉండవు. అయినా అతను చూసింది మనకి కనిపిస్తుంది, అతనికి నొప్పి పుడితే మనకి తెలుస్తుంది, పది నిమిషాల్లో అతనంటే ఇష్టం కలుగుతుంది. భాష సరిగ్గా వచ్చాకే మాట్లాడాలని కూర్చుంటే గ్రంక్‌కి పంది దొరికేది కాదు.

మడ అడవి

సొంతంగా ఒక ఆట రాయాలనిపించింది. ఇందుకు "ట్వైన్" అనే ఉచిత పనిముట్టు ఉంది. క్రిస్ క్లిమాస్ 2009లో దాన్ని విడుదల చేశాడు. ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫరవాలేదు. ఒక్కో గదికి ఒక్కో పెట్టె, పెట్టెల మధ్య దారులు. ఆడేవాళ్ళు టైపు చెయ్యక్కర్లేదు, ఇచ్చిన దారుల్లో ఒకటి నొక్కుతారు. తెలుగు అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. దీనికి ఇంకో సుఖం కూడా ఉంది. మన తెలుగులో ఇల్లు కాస్తా ఇంట్లో, ఇంటికి, ఇంటిని అని మారిపోతూ ఉంటుంది. ఇవన్నీ ఒకటేనని కంప్యూటరుకి నేర్పే బాధ తప్పింది.

మొదటి ఆట మా పేట గురించే రాశాను. మా బ్లాకు కింది వాయిడ్ డెక్, స్టేషను పక్కన వైట్ సాండ్స్, దాని లోపల గ్రంథాలయం, అక్కణ్ణుంచి సముద్రం ఒడ్డున పార్కు, ఎదురుగా నీళ్ళ అవతల పులావ్ ఉబిన్ దీవి. పార్కులో ఒక చోట చెక్కవంతెన మీద నడుస్తూ బురదలో పెరిగే చెట్లు చూడొచ్చు. ఆ చెట్ల అడవిని తెలుగులో ఏమంటారో నాకు తెలియలేదు. నిఘంటువు తెరవబోయి ఆగాను. ఆ ఆదివారం నేనే కాకినాడకి వీడియో కాల్ చేశాను.

"అమ్మమ్మా, నీళ్ళల్లో ఉండే చెట్లు. కింద బురద. వేళ్ళు పైకి వస్తాయి. ఏమంటారు?"

"వేళ్ళు బయటికి పొడుచుకొస్తాయా? పోటుకి నీళ్ళెక్కుతాయా?"

పోటు అంటే ఏమిటో నాకు తెలియదు. ఊ అనబోయాను. నాలిక చివరి దాకా వచ్చింది. మింగేసి, "పోటంటే నాకు అర్థం కాలేదు అమ్మమ్మా" అన్నాను.

అవతల ఒక్క క్షణం మాట లేదు. తర్వాత ఆవిడ చేత్తో చూపించింది. సముద్రం పైకొస్తే పోటు, వెనక్కి తగ్గితే ఆటు. "అయితే అది మడ అడవే. మన కోరంగిలో లేదూ!" అంది. కోరంగి కాకినాడకి దగ్గరే. అక్కడి మడ అడవులు పెద్దవి. ఒకప్పుడు అది ఓడరేవు కూడా. అక్కణ్ణుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. నేను రోజూ పరుగెత్తే చోటికీ అమ్మమ్మ ఊరికీ ఒకే అడవి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రోజు మేం నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం.

ఎవరే ఆ పెద్దమనిషి?

రెండో ఆట అమ్మమ్మ పుట్టిల్లు. అమలాపురం దగ్గర ఒక పల్లెలో ఉండేది. ఎప్పుడో అమ్మేశారు, కొన్నవాళ్ళు పడగొట్టి మేడ కట్టుకున్నారు. ఇంటి ముందు నిలబడ్డ మనుషుల ఫోటోలు రెండో మూడో ఉన్నాయి. ఇంటి లోపలి ఫోటో ఒక్కటీ లేదు. అమ్మమ్మకి ఇప్పుడు చూపు బాగా తగ్గింది. బొమ్మలున్నా పెద్దగా లాభం లేదు. మాటలతో కట్టిన ఇల్లయితే చదివి వినిపించవచ్చు అనుకున్నాను.

మొదటి పేజీ ఎంతో శ్రద్ధగా రాసి ఫోనులో చదివాను. "మీరు వీధి అరుగు మీద నిలబడి ఉన్నారు. మీ ఎదురుగా పెద్ద తలుపు ఉంది."

"ఎవరే ఆ పెద్దమనిషి? మునసబుగారా?" అంది అమ్మమ్మ.

పుస్తకాల్లో పెద్దవాళ్ళని మీరు అనాలని నేర్చుకున్నాను కదా. ఇంగ్లీషు ఆటల్లో ఈ సమస్యే లేదు, అందరికీ ఒకటే మాట. "నా ఇంట్లో నన్ను మీరు అనేదెవరు, నువ్వు అను" అంది. మార్చాను. మళ్ళీ చదివాను. "నువ్వు వీధి అరుగు మీద ఉన్నావు. ఎదురుగా తలుపు. ఏం చేస్తావు అమ్మమ్మా?"

"ముందు కాళ్ళు కడుక్కోవాలి."

నా ఆటలో నీళ్ళు లేవు. తలుపు తియ్యి అనే దారి ఒక్కటే పెట్టాను. కాళ్ళు కడుక్కోకుండా లోపలికి రానంటే రానంది. ఆ వారం అరుగు పక్కన ఒక నీళ్ళ గోలెం, దాని మీద బోర్లించిన చెంబు చేర్చాను. తర్వాతి ఆదివారం కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చింది.

ఇలా ప్రతి వారం ఒక గది. నేను చదువుతాను, ఆవిడ ఏం చెయ్యాలో చెబుతుంది, నేను నొక్కుతాను. నేను పెట్టని దారి చెబితే నోటుపుస్తకంలో రాసుకుంటాను. ఆటలో మాట అర్థం చేసుకునే భాగాన్ని పార్సర్ అంటారు. ఇక్కడ ఆ పని నాది. అర్థం కానప్పుడు "అర్థం కాలేదు" అనడం కూడా నా పనే.

ఒక విషయం మాత్రం నన్ను చాలా ఆశ్చర్యపరిచింది. పాత టెక్స్ట్ గేముల్లో నడవాలంటే ఉత్తరం, దక్షిణం అని దిక్కులు చెప్పాలి. నాకది వింతగా ఉండేది. నిజం మనుషులు ఎవరు అలా నడుస్తారు? సింగపూరులో నాకు తెలిసింది ఎడమ, కుడి, బ్లాకు నంబరు, లిఫ్టు. అమ్మమ్మకైతే ఇల్లంతా దిక్కులే. లోపలి గదిని ఆవిడ పడమటిల్లు అంటుంది. "పడమటింట్లో పందిరిమంచం. దాని తలవైపు దక్షిణం గోడలో గూడు. గూట్లో దీపం." చూపు తగ్గినా ఆవిడ ఒక్కసారి కూడా దారి తప్పలేదు. దారి తప్పింది నేనే, రెండుసార్లు.

తాళం

కాగితం మీద పటం గీస్తుంటే వంటింటికి ఉత్తరాన ఒక ఖాళీ మిగిలిపోయింది. కొలతలు కలవడం లేదు. "అక్కడేముంది అమ్మమ్మా?" అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

"అక్కడో చిన్న గది ఉండేది. మా అక్క ఉండేది అందులో."

అమ్మమ్మకి అక్క ఉందని నేనెప్పుడూ వినలేదు. మా అమ్మని తర్వాత అడిగితే, "ఒకావిడ ఉండేదని విన్నాను, ఆవిడ గురించి అమ్మ ఎప్పుడూ మాట్లాడదు" అంది. ఆ రోజు ఫోనులో మాత్రం నేను తొందరపడి, "నాకెప్పుడూ చెప్పలేదే!" అన్నాను.

"ఎందుకు చెప్పలేదు? నీ చిన్నప్పుడు చెప్పాను. రెండు మూడు ఆదివారాలు చెప్పాను. ఊ కొట్టావు కూడా."

నాకు ఏమనాలో తోచలేదు. చివరికి ఇన్నేళ్ళు దాచిన మాట చెప్పేశాను. "అమ్మమ్మా, అప్పుడు నాకు తెలుగు అర్థమయ్యేది కాదు. ఊరికే ఊ అనేదాన్ని."

"ఆ సంగతి నాకు తెలియదనుకున్నావా? తెలిసే చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా తల్లీ. నువ్వయితే ఊ అంటావు, మళ్ళీ ఎవరితోనూ అనవు."

ఇన్నాళ్ళూ నేను ఆవిడని మోసం చేశాననుకున్నాను. ఆ ఊ ఆవిడకి పనికొచ్చిందని నాకు తోచనే లేదు.

"ఇప్పుడు చెప్పవా? ఇప్పుడయితే అర్థమవుతుంది" అన్నాను.

"అర్థమవుతుంది కాబట్టే" అంది. కాసేపాగి, "ఆ గదికి తాళం వేసి ఉందని రాయి" అంది.

రాశాను. "తాళంచెవి ఎక్కడుంది?" అని ఆటలో అడిగినట్టే అడిగాను.

"ఫోనులో ఇచ్చేది కాదు. నువ్వు ఒకసారి రా, చూద్దాం."

చూద్దాం అంటే ఇస్తానని కాదు. ఇవ్వననీ కాదు. ఆ మాత్రం తెలుగు ఇప్పుడు నాకు వచ్చు. డిసెంబరుకి టికెట్ కొన్నాను. ఆవిడ చెప్పకపోతే ఆ తలుపు అలాగే ఉంటుంది. ఆటలో తెరుచుకోని తలుపు ఒకటి ఉన్నంత మాత్రాన ఇల్లు తప్పయిపోదు.

మీరూ మొదలుపెడితే

పెద్ద ఆట వద్దు. మూడు గదులు చాలు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు పుట్టి పెరిగిన ఇల్లయితే మంచిది. గది పేరు నిఘంటువులో వెతక్కండి, వాళ్ళనే అడగండి. ఒకే గదికి ఒకరు వసారా అంటారు, ఇంకొకరు చావిడి అంటారు. మీ ఇంటి మాటే మీ ఆటలో రాయండి. ఆజ్ఞలు గట్టిగా చదవండి. అర్థం కాకపోతే, అర్థం కాలేదనండి. మొదటిసారి కష్టంగా ఉంటుంది, రెండోసారి ఉండదు.

ఈ నెల నేను అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న మాటలు ఇవి. అటక: పైకప్పు కింద సామాను దాచే చోటు. గూడు: గోడలో దీపం పెట్టే ఖాళీ. చూరు: ఇంటి కప్పు బయటికి వచ్చిన అంచు. గొళ్ళెం: తలుపుకి లోపల వేసేది. దీన్ని కూడా వేస్తారు, చూశారా.

ఇక్కడ ఆరవుతోంది. ఫోను చెయ్యాలి.